బల్ల మీద మిగిలిన రింగు

"బ్రేకులు కూడా పీకెయ్ అన్నయ్యా! పెడళ్లు వెనక్కి తొక్కితే ఆగుతుందిగా," అన్నాడు తమ్ముడు.

"సైకిల్ ఆగుతుందిలేరా, ముందు నీ నోరు ఆపు," అని మెకానిక్ అయిన అన్న నవ్వుతూనే బ్రేకులు పీకేశాడు. తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ విప్పేసి, దాని చోట చక్రంతో పాటే పెడళ్లూ తిరిగే ఫిక్స్‌డ్ గేర్ పళ్లచక్రం బిగించాడు. చైన్‌కి నూనె పెట్టి, బిగువు చూసి, తమ్ముణ్ణి సాగనంపాడు.

తర్వాత బల్ల తుడుస్తుంటే గుడ్డ కింద లాక్ రింగు కనిపించింది. ఆ రింగు బిగించకపోతే, గట్టిగా వెనక్కి తొక్కగానే పళ్లచక్రం వదులైపోతుంది.

అరుస్తూ వీధి చివరికి పరిగెత్తాడు. అక్కడి నుంచి రోడ్డు నిట్టవాలుగా దిగి, లారీలు తిరిగే కూడలిలో కలుస్తుంది. సగం వాలులో తమ్ముడి కాళ్లు గిరగిరా వెనక్కి తిరుగుతున్నాయి. సైకిల్ మాత్రం ముందుకే దూసుకుపోతోంది.

"దూకెయ్‌రా!" అని కేక పెట్టి తనూ వాలులోకి ఉరికాడు.