పిల్లల వార్డులో ప్రశ్న గుర్తులు

ఆసుపత్రిలో అందరూ ఆమెను ఎదురుగా మేడమ్ అనీ, చాటున అత్తగారు అనీ పిలిచేవారు. డేటాబేస్ మీద ఆమె పెత్తనం అలాంటిది మరి. ఎవరైనా ఫారంలో కొత్త గడి ఒకటి కావాలంటే చాలు, "ఉన్నవి సరిగ్గా నింపి ఏడవండి ముందు" అనేది. పదకొండేళ్లలో ఆ డేటాబేస్ ఒక్క రోజూ ఆగలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేది, లిఫ్టులో అయినా సరే.

అలాంటి మనిషి గురువారం ఉదయం తన గదిలో కూర్చుని నీళ్లు నములుతోంది. ఎదురుగా మరిది, అంటే భర్త తమ్ముడు. ఆసుపత్రికి కొత్త సాఫ్ట్‌వేర్ రాసిచ్చింది అతనే. సొంతంగా ఒప్పుకున్న మొదటి పెద్ద పని. సోమవారం నుంచి దాన్ని పిల్లల వార్డులో, అందరి వివరాలూ కొత్తగా ఎక్కించి, పెట్టి చూస్తున్నారు. ఆ పొద్దున్నే ఒక నర్సు సూది వేయబోతూ పిల్లాడి రికార్డు తెరిచింది. "పడని మందులు" అన్నచోట వరసగా ప్రశ్న గుర్తులు. అదృష్టం కొద్దీ ఆమెకు బుర్ర ఉంది. సూది పక్కన పెట్టి తల్లిని అడిగింది. తల్లి చెప్పిన పేరూ, సూదిలో ఉన్న మందూ ఒకటే.

"వదినా, మూడు వారాల కిందటే అడిగాను కదా, డేటాబేస్ ఏ అక్షరాల పట్టికతో పెట్టారని," అన్నాడు మరిది.

"అడిగావు."

"మన లిపి పడుతుంది, నిశ్చింతగా ఉండు అన్నారు."

"పడుతోందిగా! ఇన్నేళ్లుగా తెర మీద కనిపిస్తూనే ఉందిగా!"

అతను లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. డేటాబేస్ సెట్టింగులో "పశ్చిమ యూరప్" అని ఉంది. మన అక్షరం మచ్చుకైనా ఒకటి లేని పట్టిక అది.

పదకొండేళ్ల కిందట ఇన్‌స్టాల్ చేస్తున్నప్పుడు, అక్షరాలు ఏ పట్టిక ప్రకారం దాచాలని కంప్యూటర్ చాంతాడంత జాబితా చూపించింది. అది భోజనాల వేళ. టిక్కు ముందే పెట్టి ఉన్నదాన్ని అలాగే వదిలేసి, "తర్వాత" అన్న బటన్ నొక్కి ఆమె క్యాంటీనుకు వెళ్లిపోయింది. తిరిగొచ్చి చూస్తే తెర మీద అంతా పిచ్చిగీతలు. సెట్టింగు మార్చాలంటే మళ్లీ మొదటికి రావాలి. అంత ఓపిక ఎవరికుంది? పాత సాఫ్ట్‌వేర్ చేత కూడా "నేను పంపేవీ పశ్చిమ యూరప్ అక్షరాలే" అని చెప్పించింది. రెండు వైపులా ఒకే పేరు వినపడేసరికి డేటాబేస్ దేన్నీ మార్చలేదు. వచ్చినవి వచ్చినట్టే దాచి, దాచినవి దాచినట్టే తిరిగిచ్చింది. అలా ఇద్దరూ కూడబలుక్కుని అబద్ధమాడుతుంటే అక్షరాలు మాత్రం క్షేమంగా ఉన్నాయి. ఆ ఏడాది ఉత్తమ ఉద్యోగి బహుమతి కూడా ఆమెకే ఇచ్చారు.

మరిది సాఫ్ట్‌వేర్ పాపం నిజం చెప్పింది, తను పంపేది అన్ని భాషల అక్షరాలూ ఉండే యూనికోడ్ అని. డేటాబేస్ బుద్ధిగా వాటిని తన పట్టికలోకి మార్చబోయింది. లేని అక్షరాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? ఒక్కోదానికి ఒక్కో ప్రశ్న గుర్తు పెట్టి చేతులు దులుపుకుంది. టైపు చేసేటప్పుడు తెర మీద బాగానే ఉంది కాబట్టి నర్సులకు అనుమానం రాలేదు. రాసినవాళ్లకు గుర్తుండటంతో ఇన్నాళ్లూ ఎవరూ మళ్లీ తెరిచి చూడలేదు.

"పాతవి నేను సరిచేస్తాను వదినా. లోపల ఉన్నవి చెడలేదు, పట్టిక పేరే తప్పు. ఈ మూడు రోజులవి మాత్రం..."

"పోయాయి," అంది ఆమె.

పది నిమిషాల తర్వాత ఇద్దరూ పెద్ద డాక్టరు గదిలో ఉన్నారు. పిల్లల వార్డు హెడ్ నర్సు కూడా వచ్చింది. పెద్ద డాక్టరుకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఎవరి నిర్వాకం ఇది?"

ఆమె చూపు నేల మీదికి దించుకుంది.

"నాదే సార్," అన్నాడు మరిది. "ముందే చూసుకోవాల్సింది."

"అయితే ఇక దయచేయండి. మేడమ్, పాత సాఫ్ట్‌వేరే పెట్టేయండి. మీరున్నన్నాళ్లూ మాకు ఏ ఇబ్బందీ రాలేదు."

ఆమెకు సిగ్గేసింది. హమ్మయ్య అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

హెడ్ నర్సు లేచింది. "పాతది పెడితే సోమవారం నుంచి రాసినవన్నీ కనిపిస్తాయిగా? సాయంత్రానికి పెట్టేయండి చాలు. ఈలోపు పదింటి సూదులు గుర్తున్నంతలో ఇచ్చేస్తాం."

"వద్దు!" ఆమె అరుపుకు డాక్టరు కళ్లజోడు జారింది. "ఎవరికీ ఏ సూదీ వేయకండి. అవి ఇక కనిపించవు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తెరిచినా ప్రశ్న గుర్తులే. తప్పు ఇతనిది కాదు, నాది. పట్టిక తప్పు పెట్టింది నేను. ఇతను అడిగితే కనీసం చూడకుండా జవాబిచ్చింది కూడా నేనే."

"చూడకుండానా?"

"నన్నే అడుగుతాడా అని పొగరు, సార్."

డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ సంగతి తర్వాత చూస్తాను."

"అలాగే సార్. ముందు వార్డుకు వెళ్తాను."

వార్డులో నలభై ఒక్క మంది పిల్లలు. నర్సులు, మరిది, ఆమె కలిసి ఏయే మంచాలు ఎవరికో పంచుకున్నారు. కంప్యూటర్ల జోలికి పోకుండా తలా ఒక పుస్తకం, పెన్ను పట్టుకున్నారు. ఆమెకు వచ్చిన మొదటి మంచం దగ్గర ఒక తల్లి కూతురికి తల దువ్వుతోంది.

"పాపకు పడని మందులేమైనా ఉన్నాయా అమ్మా?"

"సోమవారమే చెప్పానుగా! ఒకటికి రెండుసార్లు చెప్పాను. మీవాళ్లు రాసుకున్నారు కూడా. ఏమయ్యాయి అవన్నీ?"

సాంకేతిక కారణాల వల్ల అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్లలో ఆ మాట చాటున ఆమె ఎన్నిసార్లు దాక్కుందో లెక్కలేదు.

"పోగొట్టానమ్మా. నేనే."

ఆ తల్లి ఆమెను ఎగాదిగా చూసింది. దువ్వెన మంచం మీద పెట్టి, పాపను ఒళ్లోకి లాక్కుని చెయ్యి చాపింది.

"ఆ పెన్ను ఇటివ్వండి. ఈసారి నేనే రాస్తాను."

ఆమె ఇచ్చేసింది.