లెక్కలోకి రాని పిలుపులు

అంబులెన్సు పిలుపులు అందుకునే ఆ ఆఫీసులో ఆమెను అందరూ లెక్కలమ్మ అంటారు. ఫోను వచ్చిన క్షణం నుంచి ఏ బండి వెళ్లాలో కంప్యూటరు చెప్పేదాకా ఎంతసేపు పడుతుందో కొలవడం ఆమె పని. కొత్త కంప్యూటరును జనం ప్రాణాల మీద ప్రయోగించలేరు కనుక, ముందు దాని నమూనాను తన యంత్రంలో కట్టుకుంది. పాచికలు వేసినట్టు, ఎప్పుడు పడితే అప్పుడు, అందులోకి ఉత్తుత్తి పిలుపులు వచ్చి పడుతుంటాయి. సగటున రెండు సెకన్లలో జవాబు వస్తుందని తేలింది. ఆ మాట నమ్మి, ఈరోజు పదకొండింటికి కొత్తదానికి మారుతున్నారు.

పదిన్నరకు, చేతులు ఊరుకోక, నమూనాను మరోసారి నడిపింది. లోపలికి వెళ్లిన పిలుపులు లక్ష. కాలం నమోదైనవి తొంభైతొమ్మిది వేల తొమ్మిది వందల అరవై.

మిగతా నలభై ఏవి?

జవాబు వచ్చాకే కాలం పట్టికలోకి ఎక్కేలా రాసింది తనే. జవాబు రాకుండా, నమూనా ఆగిపోయేదాకా లోపలే చిక్కుకున్న పిలుపులు ఆ పట్టిక ముఖమే చూడలేదు. సగటు అంత ముచ్చటగా ఉన్నది అందుకే.

ఫోన్ల గదిలో పనిచేసే వదిన నీళ్ల సీసా కోసం లోపలికి వచ్చింది.

“ఏమే లెక్కలమ్మా, మొహం అలా పాలిపోయిందేం? పొద్దున మీ అన్నయ్య చేసిన వంటగాని తిన్నావా?”

“వదినా, నలభై మందికి జవాబు రాలేదు.”

వదిన నవ్వు ఆగిపోయింది. “ఎవరికే?”

“ఇప్పటికి ఉత్తుత్తివాళ్లకే. పదకొండు దాటితే నిజమైనవాళ్లకి.”

“మరి ఇక్కడ కూర్చున్నావేం? పో, పెద్దసారుకి చెప్పు!”

పెద్దసారు గది పాతిక అడుగుల దూరం. కొత్తది బాగుందన్న నివేదిక మీద సంతకం తనది.

“లక్షకి నలభైయేనా?” అన్నారాయన, కొత్తదానికి మార్చడానికి సిద్ధంగా ఉన్న మౌస్ మీంచి చెయ్యి తియ్యకుండా. “దానికింత కంగారెందుకమ్మా?”

“మనకి రోజుకి రెండున్నర వేల ఫోన్లు వస్తాయి సార్. అంటే రోజుకొకరు.”

ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది.

“సరే, ఆపేద్దాం. పాతదే నడవనీ. జవాబుకి నాలుగు సెకన్లు పట్టినా అది నమ్మకమైనదని నువ్వేగా రాశావు?”

ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఏంటమ్మా?”

“పాతదాన్నీ అలాగే కొలిచాను సార్. జవాబు వచ్చినవాటినే.”

పాతది తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. జవాబు రానివాళ్లు విసిగి మళ్లీ ఫోను చేసి ఉంటారు, అది కొత్త పిలుపుగా ఎక్కి ఉంటుంది. మళ్లీ చేసే ఓపిక లేనివాళ్లు?

అద్దం గోడకవతల వదిన అప్పుడే ఒక ఫోను అందుకుంది. చిరునామా కొట్టి, బండి నంబరు కోసం తెర వైపు చూస్తోంది. పెద్దసారు పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. వదిన ఇంకా తెరనే చూస్తోంది. ఆరు. ఏడు.

లెక్కలమ్మ తలుపు తోసుకుని పరిగెత్తింది.

“వదినా, దాని కోసం చూడకు! డ్రైవరుకి నువ్వే ఫోన్ చెయ్యి!”