మెడదాకా గుండీలు

"ఈ చొక్కా గుండీలు ఎవరు పెట్టారు?" డాక్టరు తలెత్తకుండానే అడిగాడు.

గది తలుపు బార్లా తీసి ఉంది. బయట బెంచీల మీద రాళ్ల ఫ్యాక్టరీ డ్రిల్లర్లు, వాళ్ల ఇంటివాళ్లు. లోపల ఎవరు గొంతు సవరించుకున్నా వాళ్లకు వినబడుతుంది.

నాన్న కూతురి వైపు చూశాడు. ఆయన చొక్కాకు మెడదాకా ఏడు గుండీలు. పొద్దున కూతురు పెట్టినవే. రోజూ పెడుతున్నవే. గుండీలతో అయిపోతే బాగానే ఉండేది. స్నానం తనే చేయించాలి, ప్యాంటు తనే తొడగాలి. అమ్మ పోయినప్పటి నుంచీ అంతే. ఆ మాట ఇంతమంది వింటుండగా ఎలా చెప్పడం?

"ఆయనే పెట్టుకున్నారండీ," అంది.

డాక్టరు పెన్ను చకచకా కదిలింది. పక్క కుర్చీలో ఫ్యాక్టరీ మేనేజరు కాలు మీద కాలు వేసుకున్నాడు. రికార్డులు చూపించడానికి వచ్చానన్నాడాయన. ఒక్క రికార్డూ తెరవలేదు.

"పది వేళ్లూ ఉన్నాయి. శుభ్రంగా తయారై వచ్చాడు. వైకల్యం ముప్పై శాతం," అన్నాడు డాక్టరు. "అభ్యంతరం ఉంటే మంగళవారం మళ్లీ చూస్తాం. అదే ఆఖరు."

పింఛనుకు నలభై శాతం కావాలి. నలభై పడితే నాన్న చేతులు ఎందుకు చచ్చుబడ్డాయో ఫ్యాక్టరీ కూడా జవాబు చెప్పాలి. పడకపోతే ఆమె డిగ్రీ ఈ ఏటితో సరి.

అవి ఇరవై రెండేళ్లు డ్రిల్లు పట్టుకున్న చేతులు. ఆ మిషను అదురు ఎముకల్లోకి దిగి కూర్చుంది. చలిగాలి తగిలితే వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. వేడి గిన్నె పట్టుకుంటే కాలుతున్నట్టు తెలీదు, చెంచా పట్టుకుంటే జారిపోయినట్టు తెలీదు. డ్రిల్లు మీద పట్టు తప్పిన రోజే ఆయన్ని గేటు బయట నిలబెట్టారు.

గదిలోంచి బయటికొచ్చిన కూతురు బెంచీల వైపు చూసి ఆగిపోయింది. నాన్నదితో కలిపి నలభై చొక్కాలు. అన్నిటికీ మెడదాకా గుండీలు.

అది ఫ్యాక్టరీ నేర్పిన అలవాటు. ఎప్పుడో ఒకడి చొక్కా మిషను బెల్టులో చిక్కుకుని మనిషే పోయాడు. అప్పటి నుంచీ గేటు దగ్గర సూపర్‌వైజరు ప్రతివాడి గుండీలూ చూస్తాడు. ఒక్కటి ఊడి ఉన్నా ఇంటికే. చేతులు మొద్దుబారిన సంగతి బయటపడినా ఇంటికే. అందుకని పెళ్లాలు, పిల్లలు, తల్లులు గుండీలు పెట్టి పంపడం మొదలుపెట్టారు. పక్కింటికి కూడా తెలియనివ్వలేదు. ప్రతి ఇల్లూ తమ ఒక్కరి బాధే అనుకుంది.

ఆ సాయంత్రం క్యాంటీనత్త ఇంట్లో అందరూ కూర్చున్నారు. ఆమె ఫ్యాక్టరీలో పదిహేనేళ్లు టీ కాచిన మనిషి. మొగుడూ డ్రిల్లరే.

"ఎంతమందికి నలభై పడింది?" అని అడిగింది.

ఎవరూ చెయ్యెత్తలేదు.

"గుండీల సంగతి ఎంతమందిని అడిగాడు?"

అందరినీ అడిగాడు. అందరూ ఒకటే జవాబు చెప్పారు.

"అడిగితే తప్పేముంది? నా గుండీలు నేనే పెట్టుకుంటా," అన్నాడు హారన్. ఆయన గొంతుకు ఫ్యాక్టరీ పెట్టిన పేరది.

"అవును, పళ్లతో పెట్టుకుంటాడు," అంది ఆయన భార్య. "పై గుండీకి పళ్లు అందవు కాబట్టి అదొక్కటి నాకు వదిలేస్తాడు."

గది ఘొల్లుమంది. హారన్ కూడా నవ్వబోయి తల దించుకున్నాడు.

"ఇంట్లో సంగతులు బజారులో పెట్టుకుంటామా? మగాడికి కాస్త మర్యాద ఉండొద్దా?" అన్నాడు గోడ వారగా కూర్చున్న ముసలి డ్రిల్లరు.

"మర్యాదగానే ముప్పై శాతం తెచ్చుకున్నావుగా మామా," అంది క్యాంటీనత్త.

కూతురు లేచి నిలబడింది.

"నేను అబద్ధం చెప్పాను. నాన్న పరువు కోసమని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. మా నాన్నకు నేను స్నానం చేయిస్తానని తెలిస్తే నన్నెలా చూస్తారోనని భయపడ్డాను. నా పరువు కోసం ఆయన పింఛను పోగొట్టాను."

తలుపు దగ్గర నాన్న కదిలాడు. లేచి వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు.

"నువ్వలా చెప్పినప్పుడు నేను సంతోషపడ్డానే చిట్టీ," అన్నాడు. "ముప్పై అని రాస్తుంటే కూడా, పోనీలే, బయటికి తెలీలేదు కదా అనుకున్నా. నీ చదువు మాట గుర్తుకే రాలేదు. చూడు, ఎంత సిగ్గుమాలినవాణ్నో."

"మనల్ని ఇలా చేసినవాడికి లేని సిగ్గు మనకెందుకు?" అంది క్యాంటీనత్త. "మంగళవారం ఎవరూ ఎవరికీ ఒక్క గుండీ పెట్టొద్దు. ఒక్కొక్కరుగా లోపలికీ వెళ్లొద్దు."

మంగళవారం నలభై మంది చొక్కాలు రెక్కల్లా ఎగురుతుంటే బజారు మధ్యగా నడిచారు. చిరుగుల బనీన్లు, నెరిసిన ఛాతీలు. ప్యాంట్లు జారకుండా మోచేతులతో అదిమి పట్టుకున్నారు. షాపులవాళ్లు గడపల్లోకి వచ్చి చూశారు. బస్టాపులో కూతురి క్లాసువాళ్లు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆమె ముఖం చెవులదాకా కాలిపోయింది. నాన్న మోచెయ్యి మాత్రం వదల్లేదు.

హాలు నిండిపోయింది. డాక్టరు బయటికొచ్చాడు. "ఏంటీ అవతారం?"

"మాకు మేముగా తయారైతే ఇంతే సార్," అన్నాడు నాన్న. "అటు మొన్న మీరు చూసింది మా అమ్మాయి పనితనం."

"మా నాన్నకు గుండీలు నేను పెడతాను," కూతురు గట్టిగా అంది. "అన్నం నేను తినిపిస్తాను. స్నానం నేను చేయిస్తాను. రాసుకోండి."

"మా ఆయనకు నేను."

"మా అన్నయ్యకు నేను."

"పై గుండీ ఒక్కటే కాదు సార్, ఏడూ మా ఆవిడే," అన్నాడు హారన్. ఆ గొంతు హాలు దాటి రోడ్డు దాకా వెళ్లింది.

మేనేజరు అప్పటికే పోలీసులకు ఫోను చేశాడు. పావుగంటలో ఇన్‌స్పెక్టరు దిగాడు. "ఆడవాళ్లున్న చోట ఏంటిది? ముందు గుండీలు పెట్టుకోండి. తర్వాత మాట్లాడదాం."

నాన్న తలూపాడు. "అలాగే సార్," అని రెండు చేతులూ ఛాతీ మీదికి తెచ్చాడు. ఆయన్ని చూసి ఇంకొకరు, ఆ తర్వాత అందరూ.

ఎనభై చేతులు గుండీల మీద తడబడుతున్నాయి. తెల్లటి వేళ్లు గుండీని పట్టుకోబోయి గుడ్డను పట్టుకుంటున్నాయి, గుడ్డ జారితే గాలిని పట్టుకుంటున్నాయి. ఒకడు పళ్లు కొరుకుతున్నాడు. ముసలి డ్రిల్లరు కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం కూడా చేతకావడం లేదు. కూతురి చేతులు వాటంతటవే ముందుకు పోబోయాయి. ఆమె వాటిని వెనక్కి విరిచి పట్టుకుంది. పక్కన క్యాంటీనత్త కూడా అలాగే పట్టుకుని ఉంది.

అయిదు నిమిషాలు. ఒక్క గుండీ కాజాలోకి దూరలేదు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"వ్యానెక్కించండి," అన్నాడు మేనేజరు, డిపార్టుమెంటు తనదే అయినట్టు. ఎక్కించారు.

స్టేషన్లో కానిస్టేబులు రిజిస్టరు ముందుకు తోశాడు. నాన్న వేళ్లలోంచి పెన్ను మూడుసార్లు జారి కింద పడింది. కానిస్టేబులు విసుక్కుంటూ రాసి, పైకి చదివాడు: "రెండు చేతులకూ పట్టు లేనందున సంతకం చేయలేకపోయాడు. వేలిముద్ర తీసుకోవడమైనది."

"ఇంకోసారి చదవండి," అంది కూతురు.

"ఎందుకమ్మా?"

"డాక్టరు రాయనిది మీరు రాశారు. మిగతావాళ్లకూ ఇలాగే రాయండి. నలభైకి నలభై నకళ్లు తీసుకునే కదులుతాం."

కానిస్టేబులు పెన్ను ఆగింది. రాసింది కొట్టెయ్యాలా వద్దా అన్నట్టు ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. నాన్న బొటనవేలి సిరా అప్పటికే ఆ వాక్యం కింద ఆరిపోయింది.

ఆమెలో సిగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. బస్టాపులో ఆ ముగ్గురి చూపులు గుచ్చుకుంటూనే ఉన్నాయి. కుళాయి దగ్గర గుడ్డ తడిపి తెచ్చి, అందరి ముందూ నాన్న వేలికి అంటిన సిరా తుడిచింది.

బయట రెండో షిఫ్టు సైరను మోగింది. ఫ్యాక్టరీలోకి వెళ్లాల్సినవాళ్లు స్టేషను వైపు మళ్లి వస్తున్నారు. చేతులు ఇంకా చెడని కుర్రాళ్లు, ఎలాంటి గుండీనైనా చిటికెలో పెట్టగలిగినవాళ్లు. వాళ్లలో ఒక్కడి చొక్కాకూ గుండీలు పెట్టి లేవు.