తుమ్ముల కౌసల్య

ఏడో తుమ్ముకు కౌసల్య నడుం వంగిపోయింది. బకెట్టు పక్కకు జరిపి, కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ తడిగుడ్డ పిండింది. ఫిల్మ్‌నగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్లో పొడిచీపురు పట్టుకుంటే చాలు, పగలంతా ఆమెకు ఊపిరాడదు.

ఇరవై రెండేళ్లుగా బోరబండ నుంచి వస్తోంది. పొట్టి మనిషి. రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డంగా ఒక గీత పడిపోయింది. కళ్ల కింద నల్లటి నీడలు. వానలు వెనకపట్టగానే ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామ కలుపుమొక్క తెల్లగా పూస్తుంది. ఇక రెండు నెలలు ఆమె ముక్కు ఆమె మాట వినదు. కొత్త సినిమా పని మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొట్టేదాకా మెట్ల వెనకే ఉండమని, తుమ్మితే అపశకునమని, చేరిన ఏడాదే ఒక మేనేజరు కసిరాడు. ఆయన మానేసి ఎన్నేళ్లో అయింది. ఆమె మాత్రం ఇప్పటికీ తనంతట తానే వెళ్లి మెట్ల వెనక నిలబడుతుంది.

ఆ రోజు పదింటికి శకుంతలమ్మ వచ్చింది. తెర మీద తల్లులు ఏడిస్తే వినబడే గొంతు ఆమెదే. ఇంజనీరు శ్రీనివాసులు రెండుసార్లు రికార్డు చేసి ఆపేశాడు.

"ముక్కుతో మాట్లాడుతున్నట్టుందండీ. సాయంత్రానికి అవ్వకపోతే వేరే గొంతు పెట్టేస్తామంటున్నారు సినిమావాళ్లు."

శకుంతలమ్మ వరండాలోకి వచ్చి, తెరిచిన కిటికీ ముందు నిలబడి వరసగా తుమ్మింది. కౌసల్య వచ్చి కిటికీ మూసేసింది.

"గాలికి నిలవడకున్రి అమ్మా. గా ఖాళీ జాగల పూలదుమ్మే మీకు పడ్తలేదు. జలుబు గాదు గిది."

"నీకెలా తెలుసే?"

"నాకు ఏండ్ల సంది గిదే బాధ. పుప్పొడి అని దవాఖానల డాక్టరమ్మ జెప్పింది."

టీ కాచే స్టవ్వు మీద నీళ్లు మరగబెట్టి, చల్లార్చి, చిటికెడు ఉప్పు కలిపి తెచ్చింది. ముక్కు ఎలా కడుక్కోవాలో పక్కన వంగి తానే చేసి చూపించింది. ముఖం కడిగించి, కళ్ల మీద చల్లటి తడిగుడ్డ పరిచి కాసేపు పడుకోబెట్టింది.

"గింతల పోదమ్మా. జర తేలికైతది. ఆయాసమొస్తే మాత్రం దవాఖానకే పోవాలె."

మధ్యాహ్నానికి శకుంతలమ్మ ముక్కు తెరుచుకుంది. లోపలికి వెళ్తూ కౌసల్య చెయ్యి పట్టుకుంది.

"నువ్వూ వచ్చి కూర్చో."

"నేనా! తుమ్మొస్తేనో?"

"వస్తే నా డైలాగు ఇంకోసారి చెప్తాలే."

చేతికొక్కటి ఉంచుకుని, చప్పుడవుతాయని మిగతా గాజులు తీసి బల్ల మీద పెట్టి, కౌసల్య గోడవార కూర్చుంది. ఇన్నేళ్లూ తుడిచిన గదే. అందులో మాట పుట్టడం మాత్రం ఎన్నడూ చూడలేదు. తెర మీద ఒక తల్లి పెదవులు కదిలాయి. శకుంతలమ్మ గొంతు సన్నగా వణికింది. సరిగ్గా అప్పుడే కౌసల్య ముక్కులో సూది గుచ్చినట్టయింది. నోట్లో కొంగు కుక్కుకుంది. ఆగలేదు.

గదంతా మోగింది.

లేచి తలుపు వైపు ఉరకబోయింది. మైకు ముందు నుంచి శకుంతలమ్మ మెల్లగా అంది.

"చిరంజీవ!"

తల్లి పోయాక, తుమ్మితే ఆ మాట కౌసల్యతో ఎవరూ అనలేదు. మళ్లీ కూర్చుంది. రెండోసారి శకుంతలమ్మ ఏడిస్తే అద్దం అవతల శ్రీనివాసులు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

సాయంత్రం గేటు దగ్గర కౌసల్య అతన్ని ఆపింది.

"రేపటి సంది రాను సార్. దమ్ము వస్తున్నది, ఊపిరాడ్తలేదు, దుమ్ము పని బందు వెట్టమన్నది డాక్టరమ్మ. మోతీనగర్ల మా బిడ్డ బట్టలు కుడ్తది. గుండీలు కుట్టిపెడ్త."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"ఆఫీసుల పోయిన వారమే జెప్పిన సార్."

ఆమె నవ్వి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, బస్టాపు వైపు దిగిపోయింది.

మర్నాడు పొద్దున శ్రీనివాసులు రికార్డింగు గది తలుపు తీసేసరికి, బల్ల మీద ఆకుపచ్చ గాజులు ఎనిమిది, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి.