సున్నా బైట్లు

గస్తీ ఓడ నుంచి మళ్ళీ ఫోన్ వచ్చేసరికి కూడా ఫైలు ఖాళీగానే ఉంది.

"చూడమ్మా, సముద్రమంటే చెరువు కాదు. ఆ బోటు చివరగా ఎక్కడుందో చెప్తే అటు తిప్పుతాను. చీకటి పడ్డాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే," అన్నాడు ఓడలోని ఆఫీసరు.

"ఇస్తానండి. ఇప్పుడే ఇస్తానండి," అని ఫోన్ పెట్టేసింది వెంకటదుర్గ. ఏమిస్తుందో ఆమెకే తెలియదు.

మొగల్తూరుకి దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్న బోటు యజమానుల సంఘం ఆఫీసు అది. దుర్గ అక్కడ కంప్యూటర్ ఆపరేటర్. వేటకెళ్ళే ప్రతి బోటుకీ సంఘం ఒక పెట్టె బిగించింది. బోటు ఎక్కడుందో ఆ పెట్టె అంకెల రూపంలో గాల్లోకి పంపుతుంటే, వైర్‌లెస్ గదిలోని కంప్యూటర్ వాటిని అందుకుని ఫైల్లో వరసగా రాస్తుంది. రాయాలి. వాయుగుండం కబురు విని బోట్లన్నీ రేవుకి చేరాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క బోటుని నడిపే సరంగు సత్తియ్య. దుర్గ తండ్రి.

గుమ్మంలో తల్లి అప్పాయమ్మ తడిసిన చెంగు కప్పుకుని కూర్చుంది. సత్తియ్య రేవులోకి వస్తూ దూరం నుంచే ఎర్ర తువ్వాలు ఊపుతాడు. అది చూసి ఆవిడ ఇంటికెళ్ళి అన్నానికి ఎసరు పెడుతుంది. పెళ్ళైన నాటి నుంచీ అదే వరస. ఇవాళ ఆ తువ్వాలు కోసం చూసి చూసి, ఇక్కడికొచ్చి కూలబడింది.

"ఏమే, కనపడ్డాడా?"

"చూస్తున్నానమ్మా."

"పొద్దుట్నించీ చూస్తానే ఉన్నావు. వల మంచిదైతే ఈపాటికి చీరమేనంత చిన్న చేపైనా పడేది."

దుర్గ తన బల్ల మీది కంప్యూటర్ నుంచి తీగ మీదుగా పక్కనున్న వైర్‌లెస్ గది కంప్యూటర్లోకి వెళ్ళి అన్నీ తడిమి చూసింది. ప్రోగ్రామ్ నడుస్తోంది. డిస్కులో చోటుంది. రాయడానికి అనుమతీ ఉంది. ఫైలు మాత్రం సున్నా బైట్లు. ఒక్క అంకె లేదు, కనీసం తప్పు జరిగిందన్న మాటైనా లేదు. మూగవాడి ముందు కూర్చుని దారి అడుగుతున్నట్టుంది ఆమె పని.

ఈమధ్యే ఆ గదిలో పాత కంప్యూటర్ తీసి కొత్త మెషీన్ బిగించిన పాలకొల్లు రాజేంద్రకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"పాతదాన్లో ఏ స్క్రిప్ట్ ఉందో అదే ఇందులోకి ఎక్కించానండి. అక్షరం మార్చలేదు," అన్నాడతను.

"పాతదాన్లో ఫైలు నిండేది కదా?"

"నిండేదండి. ఓసారి రీస్టార్ట్ చేసి చూడండి. సగం రోగాలు దాంతోనే పోతాయి."

సంఘం కార్యదర్శి సత్యప్రసాద్ వెంటనే కుర్చీలోంచి లేచాడు. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా. మా ఇంట్లో టీవీకీ అదే వైద్యం."

అప్పుడే కరెంటు పోయింది. వైర్‌లెస్ గదిలో యూపీఎస్ కీచుమనడం మొదలుపెట్టింది. రెండు కంప్యూటర్లకీ అదే దిక్కు. దాని బ్యాటరీ ముసలిది.

"ఒక్క నిమిషం ఆగండి ప్రసాద్ గారూ," అంది దుర్గ.

"నిమిషమెక్కడుందమ్మా, అది ఏడుస్తుంటేనూ," అంటూ ఆయన వైర్‌లెస్ గదివైపు నడిచాడు.

దుర్గ స్క్రిప్ట్ తెరిచింది, కంప్యూటర్‌కిచ్చే ఆదేశాల చీటీ అది. రాసే పనంతా ఒక్క వరసలో ఉంది. ముందు ప్రోగ్రామ్ పేరు, తర్వాత &> అనే జంట గుర్తు, చివర ఫైలు పేరు. ప్రోగ్రామ్ ఏం పలికినా, తప్పులతో సహా ఆ ఫైల్లోకి మళ్ళించమని దాని అర్థం. రాజమండ్రిలో కోర్సు చేసిన నాటి నుంచీ ఆమె చేతికి అలవాటైన గుర్తు అది. ప్రోగ్రామ్ బదులు తేదీ చెప్పే కమాండ్ పెట్టి, అదే వరస చేత్తో కొట్టింది. తేదీ బుద్ధిగా ఫైల్లోకి వెళ్ళింది. మరి స్క్రిప్ట్‌లో ఏం చచ్చింది?

ఆ వరసనే చిన్న స్క్రిప్ట్‌గా రాసి, రోజూ మొదలుపెట్టే పద్ధతిలోనే, ముందు sh అని చేర్చి నడిపింది.

తేదీ ఫైల్లోకి పోలేదు. ఆమె కళ్ళెదుట తెర మీద పడింది. ఫైలు చూస్తే సున్నా బైట్లు.

అప్పుడు తట్టింది దుర్గకి. రాత ఒకటే, చదివేవాడు వేరు. చేత్తో కొడితే ఆ ఆదేశాన్ని చదివేది బాష్ అనే ప్రోగ్రామ్. పాత మెషీన్లో sh అని పిలిచినా అదే పలికేది. ఈ కొత్తదాన్లో sh అంటే ఇంకేదో పలుకుతోంది. దానికి ఆ జంట గుర్తు తెలియదు, విడదీసి చదువుకుంది. & చూసి ప్రోగ్రామ్‌ని పక్కన నడుచుకోమంది. > చూసి ఫైలుని ఖాళీ చేసి పెట్టింది.

అయితే అంకెలు ఎక్కడికీ పోలేదు. తేదీ తన తెర మీద పడ్డట్టే, అవి కూడా స్క్రిప్ట్‌ని మొదలుపెట్టిన తెర మీద పడుతున్నాయి. వైర్‌లెస్ గది తెర మీద. దాన్ని చూసేవాడే లేడు. ఈ ఒడ్డున ఉప్పుగాలికి ఇనుము నిలవదు. కళ్ళెదుట వాడని వస్తువుకి ప్లగ్గు పీకి గుడ్డ కప్పడం ఇంటింటి ఆచారం. వాచ్‌మన్ వీరబ్రహ్మం పొద్దున్నే స్క్రిప్ట్ నడిపి, మానిటర్ ప్లగ్గు పీకి, పాత పంచె కప్పి వెళ్ళిపోతాడు.

మెషీన్ ఆగితే ఆ వరసలన్నీ గాలికి పోతాయి.

"ముట్టుకోకండి ప్రసాద్ గారూ," అని అరుస్తూ పరిగెత్తింది.

ఆయన వేలు అప్పటికే బటన్ మీదుంది. ఉలిక్కిపడి తీశాడు. "ఏంటమ్మా, పాము మీద చెయ్యేసినట్టు."

"పామే అనుకోండి. ఆ ఓడాయనకి ఫోన్ కలపండి."

పంచె లాగి పారేసింది. ప్లగ్గు పిన్నులకి పచ్చగా చిలుము. చున్నీతో గట్టిగా తుడిచి యూపీఎస్‌లోకి గుచ్చింది. మానిటర్ బరువు మీద పడగానే యూపీఎస్ కీచు ఇంకా తొందరపడింది. తెర వెలగడానికి కాసేపు పట్టింది.

వరసలు. తెరనిండా అంకెల వరసలు. రేవులో కట్టేసిన బోట్లే ఉన్నచోటి నుంచి ఉన్నమాటే చెబుతున్నాయి. తండ్రి బోటు నంబరు లేదు. షిఫ్ట్ నొక్కిపెట్టి వెనక్కి జరిపింది. లేదు. ఇంకా వెనక్కి. లేదు. ఇక తెర జరగనంది. అక్కడ, అన్నిటికన్నా పైన, తండ్రి బోటు నంబరుతో రెండు వరసలు.

సత్యప్రసాద్ ఫోన్ ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు. రెండు వరసలూ అంకె అంకె చదివింది. అటు ఆఫీసరు తిరిగి చెప్పాడు. "నైరుతికి కొట్టుకుపోతోందండి. మొదటి దానికీ రెండోదానికీ తేడా చూడండి," అంది.

"చూశాను. తిప్పుతున్నాం."

యూపీఎస్ ఒక్క మూలుగు మూలిగి ఆగింది. తెర నల్లబడింది.

ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. సత్యప్రసాద్ కూర్చోలేదు. అప్పాయమ్మ అడగడం మానేసింది. బయట వెలుతురు బూడిదరంగులోకి దిగుతుండగా ఫోన్ మోగింది.

"బోటు దొరికింది. బోల్తా పడి ఉంది. దాని వీపు మీద మనుషులున్నారు," అన్నాడు ఆఫీసరు.

"ఎంతమందండీ?"

"అలకి కనపడి అలకి మాయమౌతున్నారు. లెక్కకి అందట్లేదు."

దుర్గ ఫోన్ స్పీకర్లో పెట్టింది. అప్పాయమ్మ లేచి వచ్చి ఫోన్ అందుకుంది. "బాబూ, ఎవరన్నా ఎర్ర తువ్వాలు ఊపుతున్నారా?"

అటు గాలి హోరు.

"ఊపట్లేదమ్మా," అన్నాడతను చివరికి. "ఎర్ర గుడ్డయితే ఉంది. దాంతో ఒక కుర్రాణ్ణి బోటు అడుగునుండే పంకాకి కట్టేసి, పడిపోకుండా కాసుకుని కూర్చున్నాడో పెద్దాయన."

"ఆయనే," అంది అప్పాయమ్మ.

ఫోన్ కూతురి చేతిలో పెట్టి, చెంగు పిండుకుని వానలోకి దిగింది.

"ఎక్కడికమ్మా?"

"ఎసరు పెట్టొద్దూ?"