మీటరు వెనక మూత

మా ఫ్యాక్టరీలో రబ్బరు గ్లవ్సులకి, ముఖానికి అడ్డంగా పెట్టుకునే డాలుకి అద్దాల బీరువా యోగం పట్టింది. తాళంచెవి మేనేజరు దగ్గర. తనిఖీకి ఎవరైనా వస్తే వాటిని మా చేత తొడిగించి ఫోటోలు తీయిస్తాడు. వాళ్ళు గేటు దాటగానే తుడిచి మళ్ళీ లోపల పెడతాడు. పెళ్ళికూతురి నగలైనా అంత భద్రంగా దాచరు.

నేనూ మా అక్క మొగుడూ అక్కడ ఎలక్ట్రీషియన్లం. నాకు పని నేర్పింది బావే. ఆ రోజు పొద్దున్న మూడో నంబరు మోటారు మాటిమాటికీ ఆగిపోతుంటే, ప్యానెల్లో ఏ ఫేజుకి ఎంత వోల్టేజీ వస్తోందో రాసివ్వమన్నాడు మేనేజరు. అది కరెంటు ఉండగానే చూడాలి, కాదనను. ఉత్త చేతులతో చూడమంటేనే ఒళ్ళు మండింది.

"బీరువా తాళంచెవి ఇవ్వండి సార్."

"ఇంట్లో మర్చిపోయా. రెండు నిమిషాల పనికి ఇంత ఆర్భాటమెందుకమ్మా? మీ బావ ముప్పై ఏళ్ళుగా ఉత్త చేతుల్తోనే చేస్తున్నాడు. ఏమైంది?"

ఏమైందా? బావ కుడిచేతికి రెండు వేళ్ళ గోళ్ళు లేవు. అది ఈయనగారి కంటికి ఆనదు!

"తప్పుకో పిల్లా, నేను చూస్తాలే" అంటూ బావ వోల్టేజీ కొలిచే చేతి మీటరు అందుకున్నాడు. పనయ్యాక దాని వైర్లు ఊడదీసే అలవాటు ఆయనకి లేదు, అలాగే మీటరు చుట్టూ చుట్టేస్తాడు. ఆ చుట్ట విప్పుతుంటే చూశాను. ఎర్ర వైరు ఇంకా కరెంటు కొలిచే ఆంప్స్ రంధ్రంలోనే ఉంది. నిన్న ఏదో మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసి వదిలేశాడు. అది అక్కడుండగా రెండు ఫేజులకి వైర్ల మొనలు ఆనిస్తే, ఆ రెంటినీ ఒట్టి తీగతో కలిపినట్టే.

"ఆగు బావా!" చెయ్యి పట్టి వెనక్కి లాగాను. మొన బెత్తెడు దూరంలో ఆగింది.

విషయం చెబితే మేనేజరు విసుక్కున్నాడు. "మీటర్లో ఫ్యూజు ఉంటుందిగా. మహా అయితే అది పోతుంది."

ఉంటే కదా పోవడానికి! ఫ్యూజుల కోసం స్టోర్లో అడిగి అడిగి మా నోళ్ళు నొప్పెట్టాయి. అనుమానమొచ్చి మీటరు వెనక మూత విప్పాను. ఫ్యూజు ఉండాల్సిన చోట మెలితిప్పిన రాగితీగ ఉంది.

"పోయేది ఫ్యూజు కాదు సార్, మా బావ మొహం. చేతిలోనే పేలేది."

మేనేజరు రెండడుగులు వెనక్కి వేసి, అక్కణ్ణుంచి గుడ్లురిమాడు. "ఎవరు పెట్టారిది?"

"ఫ్యూజులు కావాలని మూడుసార్లు కాగితం పెడితే సంతకం పెట్టని మనిషి అడగాల్సిన మాట కాదది!"

ప్యానెలు తలుపు మూసేశాను. అంకెలు రాయాల్సిన కాగితం మీద "గ్లవ్సులు ఇవ్వలేదు. మీటర్లో ఫ్యూజు లేదు. కొలవలేదు" అని రాసి, కింద సంతకం చేసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

బావ తల ఎత్తలేదు.

"ఆ తీగ నేనే పెట్టాను. పని ఆగిపోతుందని."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైంది."

నాలుగు నెలలుగా ఆ మీటరు పట్టుకుని ప్యానెళ్ళ ముందు ఎక్కువగా నిలబడింది నేను. రోజూ పొద్దున్నే దాన్ని నా చేతికిచ్చి పంపింది ఆయన. మేనేజరు మీద అరిచినట్టు బావ మీద అరవలేకపోయాను.

"సాయంత్రం మీ ఇంటికొస్తాను" అన్నాను. "అక్క ఎదురుగా ఈ మాట నువ్వే చెప్పు."