అవతలివాళ్ళ మాట

ఒకే ఇంట్లో రెండు పత్రికలుంటే కాపురం ఎలా సాగుతుందని పెళ్ళినాడు చుట్టాలంతా బుగ్గలు నొక్కుకున్నారు. భర్త ఊళ్ళోకెల్లా పెద్ద దినపత్రికలో విలేకరి. ఆమె అయిదుగురు కలిసి నడిపే చిన్న వెబ్ పత్రికలో విలేకరి. గడప లోపల ఆఫీసు ఊసెత్తకూడదని కొత్తలోనే ఒప్పందం చేసుకున్నారు. దానికి కాపలా అత్తయ్య. ఎవరి గోడు వాళ్ళు విడివిడిగా ఆవిడ చెవినే వేసేవారు. "వాడి రహస్యాలూ నీ రహస్యాలూ కడుపులో దాచుకోలేక అజీర్తి చేస్తోందే అమ్మాయ్" అని వాపోయేది ఆవిడ.

ఆ సాయంత్రం భర్త చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి వచ్చి, ఆ ఒప్పందాన్ని కాస్తా తుంగలో తొక్కాడు.

"నా వార్త చంపేశారు. నువ్వు వెయ్యి."

ఆమె స్టవ్ కట్టేసింది.

సంగతి ఇదీ. తూర్పు పేట కుళాయి నీళ్ళలో మురుగు కలుస్తోంది. పేటలో ఒకరి తర్వాత ఒకరు పచ్చకామెర్లతో మంచం పడుతున్నారు. నీళ్ళు పరీక్షించిన ల్యాబ్ ఉద్యోగిని స్వయంగా అతనికి చెప్పింది. కానీ ఊరికి నీళ్ళిచ్చే కంపెనీ యజమానే ఈమధ్య అతని పత్రికను కొన్నాడు. రెండు చానళ్ళనూ, ఊరంతా చూసే వార్తల యాప్‌నూ అంతకుముందే కొనేశాడు. తాగే నీళ్ళూ ఆయనవే, చదివే వార్తలూ ఆయనవే! ఇక మిగిలింది ఆమె పత్రిక ఒక్కటే.

"ఇంకో గంటలో పేటకు నీళ్ళు వదులుతారు," అన్నాడు భర్త.

"ఈలోగా అందరి ఫోన్లకీ పంపించెయ్యరాదూ?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"నీళ్ళలో విషమని పోయిన నెలలో బోలెడు మెసేజీలు తిరిగాయమ్మా. అన్నీ గాలి కబుర్లే. ఇప్పుడు నిజం పంపినా నవ్వి ఊరుకుంటారు."

ఆమె ల్యాబ్ ఉద్యోగినికి ఫోను చేసి అంతా మొదటినుంచి చెప్పించుకుంది. మొగుడు చెప్పాడు కదా అని రాసేసే రకం కాదు. పేటలోని డాక్టరునూ అడిగింది. అంతా నిజమే.

"ఇక కంపెనీని అడగాలి," అంది.

భర్త ముఖం పాలిపోయింది. "కొంప ముంచకు. మా ఆఫీసులో ఈ సంగతి తెలిసింది నాకూ ఎడిటర్‌కీ మాత్రమే. నువ్వు అడిగిన మరుక్షణం నా పని అయిపోయినట్టే. కంపెనీ స్పందించలేదని రాసెయ్."

"అడక్కుండా స్పందించలేదని ఎలా రాయను?"

"ఎవడు చూడొచ్చాడు?"

"వాళ్ళే చూస్తారు. ఆ ఒక్క అబద్ధం పట్టుకుని, మిగతాదంతా అబద్ధమేనని రేపు మీ పత్రికలోనే వేస్తారు."

మీసాలు మొలిచిన నాటినుంచి ఆ ఉద్యోగమే అతని లోకం. తన చేతులతో అతన్ని వీధిలోకి నెడుతున్నానని ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. అయినా నంబరు నొక్కింది.

కంపెనీ తరఫున మాట్లాడే అధికారిని విలేకరులు మౌనస్వామి అంటారు. తెలియని నంబరైతే ఎత్తడు. ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేసింది. లాభం లేకపోయింది.

భర్త ఊపిరి పీల్చుకున్నాడు. "అడగాలని చూశావు, వాళ్ళు పలకలేదు. ఇప్పుడది నిజమే. రాసెయ్."

ఆమె కూడా లోలోపల అమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడుతూనే రాయడానికి కూర్చుంది.

అతను గోడ గడియారం వైపు చూశాడు. ఆమె భుజం మీదుగా వార్త చదివాడు. మళ్ళీ గడియారం చూశాడు.

"ఇది పేటకు చేరేలోగా అందరి బిందెలూ నిండిపోతాయి. నీళ్ళు ఆపించగలిగింది ఆ మౌనస్వామి ఒక్కడే."

"ఆయన ఎత్తడుగా!"

"నా నంబరైతే ఎత్తుతాడు."

అత్తయ్య "ఒరేయ్" అని ఆగిపోయింది. ఇందాకటిదాకా అడిగి తీరాలన్న భార్యే ఇప్పుడు "వద్దు, వద్దు" అంటూ అతని చెయ్యి పట్టుకుంది. అప్పటికే అతను నొక్కేశాడు. స్పీకరు పెట్టి ఫోను ఆమె చేతిలో ఉంచాడు.

"చెప్పు తమ్ముడూ," అంది అవతలి గొంతు తీరిగ్గా.

ఆమె తన పత్రిక పేరు చెప్పింది. తూర్పు పేట నీళ్ళలో మురుగుందని పరీక్షలో తేలిందనీ, ఇప్పుడే వార్త వేస్తున్నామనీ చెప్పి, కంపెనీ ఏమంటుందని అడిగింది.

"ఈ ఫోను ఎవరిది?" అని తెలిసే అడిగింది అవతలి గొంతు.

భర్త ముందుకు వంగాడు.

"నాదే సార్. ముందు ఆమె అడిగినదానికి జవాబు చెప్పండి."

అవతల యజమానితో కాబోలు, గుసగుసలు నడిచాయి. తర్వాత ఆ గొంతు పొడిగా అంది. "తూర్పు పేటకు ఈ పూట నీళ్ళు ఆపేస్తున్నాం. రాసుకోమ్మా. నువ్వు మాత్రం తమ్ముడూ, రేపటినుంచి ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు."

ఫోను కట్టయింది. అత్తయ్య కుర్చీలో కూలబడింది.

ఆమె మొదటి మాటను అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి ఆగిపోయింది. కళ్ళు నిండి తెర కనిపించలేదు.

"ఆపావేం?" అన్నాడు భర్త వెనకనుంచి. "ఆయన రెండో మాట కూడా అన్నాడు కదా. అదీ రాయి."